దొంగనిద్రకి ఇంగ్లీషు మాట

గోవిందరాజులు దొంగనిద్ర పోవడంలో ఆరితేరినవాడు. మామూలు మనుషులు కళ్ళు గట్టిగా మూసి, ఊపిరి బిగబట్టి దొరికిపోతారు. ఆయన నోరు కొంచెం తెరిచేవాడు. ఊపిరి నిదానంగా లోపలికి లాగి, వదిలేటప్పుడు చివర్లో చిన్న ఈల కలిపేవాడు. గుండెల మీద బోర్లా పడి ఉన్న పేపరు ఆ ఊపిరితో పాటు లేచి పడుతూ ఉండేది. ఇంత చేసినా కాలి బొటనవేళ్ళు మాత్రం ఆయన మాట వినేవి కావు. నిజంగా నిద్రపోయిన మనిషి పాదాలు చెరో పక్కకి వాలిపోతాయి. ఈయనవి సెల్యూట్ కొడుతున్నట్టు నిటారుగా నిలబడేవి. ఆ సంగతి ఛాయాదేవికి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది. తెలిసినట్టు ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ నిద్రకి కారణం ఒకే ఒక ప్రశ్న.

"పేరు సంగతి అడిగారా?"

వాళ్ళుండేది ఢిల్లీ ఆర్.కె. పురంలో, సర్కారు క్వార్టర్లో. ఛాయాదేవి ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. క్వార్టరు ఆవిడ పేరు మీద, గ్యాస్ కనెక్షను ఆవిడ పేరు మీద, తలుపు మీది బోర్డు కూడా ఆవిడ పేరుతోనే. దానికి గోవిందరాజులు ఏనాడూ బాధపడలేదు. బాధల్లా వేరే చోట ఉంది. దర్యాగంజ్‌లో భండారీ అనే పంజాబీ ప్రచురణకర్త దగ్గర ఆయన జీవితమంతా ఇంగ్లీషు డిక్షనరీ తయారుచేస్తూ గడిపాడు. దాని అట్ట మీద భండారీ తండ్రి పేరు ఉంటుంది. ఆ పెద్దాయన లాహోర్ నుంచి వచ్చి పలకలూ బలపాలూ అమ్మినవాడు, ఇంగ్లీషు అక్షరమ్ముక్క రాదు. లోపలి పేజీలో 'కూర్పు: నిపుణుల మండలి' అని ఉంటుంది. ఆ మండలి అంటే గోవిందరాజులు, ఆయన కూర్చునే చిరిగిన రెక్సిన్ కుర్చీ.

"ఈసారి ఎడిషన్‌లోనైనా సంపాదకుడు అని మీ పేరు వెయ్యమని అడగండి. వాళ్ళ సొమ్మేం పోతుంది, కాస్త సిరా తప్ప?" అనేది ఛాయాదేవి.

అడిగితే భండారీ కాదంటాడని ఆయన భయం కాదు. సరే అంటాడేమోనని భయం. పేరు లేనన్నాళ్ళూ తప్పులన్నీ మండలివి. పేరు పడిన మర్నాటి నుంచి తప్పులు తెనాలి గోవిందరాజులివి. ఈ విషయం తనకి తాను చెప్పుకోవడానికి కూడా ఆయనకి ధైర్యం చాలలేదు. అందుకని ఈల కలిపి ఊపిరి వదిలేవాడు.

*

మాటలు ఎలా పుడతాయో ఆయనకి బాగా తెలుసు. భాషలన్నీ మాటల్ని కంటాయి. ఇంగ్లీషు మాత్రం కనడానికి బద్ధకించి పాతవాటినే కత్తిరించి కుడుతుందని ఆయన అభిప్రాయం. సరోజినీ నగర్ ఫుట్‌పాత్ మీద దర్జీ ఎగుమతికి పనికిరాని రెండు చొక్కాలు చింపి ఒక చొక్కా కుట్టినట్టు, పొగలోంచి ముందు సగం, మంచులోంచి వెనక సగం తీసి స్మాగ్ అంటుంది. శీతాకాలంలో ఐటీఓ చౌరస్తాలో నిలబడితే ఆ చొక్కా ఎంత బాగా కుదిరిందో ఊపిరితిత్తులకి తెలుస్తుంది. ఇంకోసారి ఆమ్నిబస్ అనే పెద్దమనిషి తలా మొండెమూ నరికేసి, తోకని బస్ అని రోడ్డు మీద వదిలేస్తుంది. ఎడిటర్ అనే మాట ముందు పుట్టి, ఎడిట్ అనే పని తర్వాత పుట్టిందని చదివినప్పుడు ఆయన చాలాసేపు నవ్వుకున్నాడు. కుర్చీ ముందు, పని తర్వాత. ఇది మంత్రిత్వశాఖల్లో మామూలే.

ఇక అప్పులు చెప్పనే అక్కర్లేదు. బంగళా మన దగ్గర తీసుకుంది, పైజమా తీసుకుంది, దోపిడీకి మాట కావలసివచ్చి లూట్ కూడా ఇక్కడే తీసుకుంది. తీసుకున్నది తిరిగిచ్చే అలవాటు లేదు. దానికి బదులు ఢిల్లీ గుమాస్తాలు పోస్ట్‌పోన్‌ని తిరగేసి ప్రీపోన్ తయారుచేశారు. ఆ మాటని డిక్షనరీలో పెట్టినప్పుడు భండారీ హడలిపోయాడు.

"రాజు సాబ్, అంగ్రేజ్ వాళ్ళు నవ్వరా?"

"మన మీటింగులు ముందుకి జరిపేది మనం. వాళ్ళకేం పని సార్?"

ఈ పనిలో ఒక పాత ఆచారం ఉంది. నిఘంటువులు వేసేవాళ్ళు దొంగల కోసం లేని మాట ఒకటి అచ్చేస్తారు. దాన్ని గోవిందరాజులు ఎరమాట అనేవాడు. నిజమైన మాటలు ఎవరైనా పోగుచేసుకోవచ్చు, అవి ఎవడబ్బ సొత్తూ కావు. కానీ లేని మాట పక్కవాడి పుస్తకంలో కనిపిస్తే, వాడు మన పుస్తకం ముందు పెట్టుకుని ఎత్తిరాశాడని రుజువైపోయినట్టే. ఎరమాట ఏదో సంపాదకుడికీ యజమానికీ తప్ప మూడోమనిషికి తెలియకూడదు. దానికి ఒకటే నియమం. అది చప్పగా ఉండాలి. ఎవరికీ నోరూరకూడదు. గోవిందరాజులు పాత ఎడిషన్లలో పెట్టినవి అలాంటివే. బొలీవియాలో బండల మీద పెరిగే ఒక నాచు, ఓడ తాళ్ళకి వేసే ఒక ముడి. వాటిని చూసినవాడు పేజీ తిప్పేసేవాడు.

తొంభై నాలుగులో వేసిన ఎడిషన్‌కి ఆయన ఆ నియమం తప్పాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం దివాన్ మీద పడుకుని, పేపరు గుండెల మీద పెట్టుకుని, ఛాయాదేవి ప్రశ్న తలమీదుగా వెళ్ళిపోయేదాకా వేచి ఉండగా ఆయనకి తోచింది. తెలుగువాడికి దొంగనిద్ర అనే మాట ఉంది. ఇంత లోకాన్ని ఏలిన ఇంగ్లీషుకి ఆ పనికి సొంతంగా ఒక్క మాట లేదు. వాళ్ళు ఆ నిద్ర పోకుండానే సామ్రాజ్యం ఏలారా? కళ్ళు మూసుకునే ఆయన స్నోర్ అనే గురకని తీసుకున్నాడు, ఫోర్జరీ తీసుకున్నాడు, రెండింటికీ మధ్యలో కత్తెర పెట్టాడు. స్నోర్జరీ. నాలుక మీద ఒకసారి తిప్పి చూసుకున్నాడు. పెదవులు కదలకుండా.

అర్థం రాశాడు: ఎదుటివారు అడగబోయేది తప్పించుకోవడానికి నిద్ర నటించుట. ఉదాహరణ వాక్యం కూడా రాశాడు: భార్య ఆ విషయం మళ్ళీ ఎత్తగానే ఆయన స్నోర్జరీలోకి జారుకున్నాడు.

భండారీ చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. నాచుని చూసి ఆయన ఎప్పుడూ నవ్వలేదు. అప్పుడే గోవిందరాజులుకి అనుమానం రావాల్సింది. రాలేదు. ఎవరైనా పొగిడినప్పుడు మనిషికి అనుమానం కలగదు.

*

రెండేళ్ళకి నోయిడాలో త్రిశిఖర్ బుక్స్ అనే కొత్త కంపెనీ కొత్త డిక్షనరీ వేసింది. నున్నటి కాగితం, రంగు బొమ్మలు. భండారీ ఆ పుస్తకం చంకలో పెట్టుకుని ఆయన గదిలోకి దాదాపు గెంతుతూ వచ్చాడు.

"రాజు సాబ్, చేప పడింది. చూడండి. ఎస్ దగ్గర."

స్నోర్జరీ ఉంది.

"లాయర్‌తో మాట్లాడాను. కోర్టు వద్దు, రిటైర్డు జడ్జి ఒకాయన ముందు తేల్చుకుందాం అన్నారు వాళ్ళు. మీరు వచ్చి ఒక్క మాట చెప్తే చాలు. ఈ మాట లోకంలో లేదు, నేనే పుట్టించాను, అంతే. వాళ్ళ పుస్తకం బజార్లోంచి లేచిపోతుంది." గొంతు తగ్గించాడు. "మన వచ్చే ఎడిషన్‌లో మొదటి పేజీలో మీ పేరు. ఎడిటర్ గోవిందరాజులు. నా మాట."

పేరు అడగకుండానే వచ్చింది. ఇన్నేళ్ళ దొంగనిద్రకి ఇంతకంటే మంచి ఫలితం ఉండదు. గోవిందరాజులు ఆ పేజీ మరోసారి చూశాడు. త్రిశిఖర్ వాళ్ళ అర్థంలో ఆయన రాయని ముక్క ఉంది. 'ముఖ్యంగా బస్సులలో సీటు ఇవ్వకుండా ఉండుటకు.' ఉదాహరణలో భార్య లేదు. ముసలావిడ ఎక్కగానే కళ్ళు మూసిన కాలేజీ కుర్రాడున్నాడు.

దొంగిలించినవాడు ఉన్నది తీసుకుపోతాడు. లేనిది ఇంకొంచెం ఎలా తెచ్చాడు?

*

జవాబు బస్సులో దొరికింది.

ఆ వారం డీటీసీ సిటీబస్సుల డ్రైవర్లు సమ్మె చేశారు. గత్యంతరం లేక గోవిందరాజులు భార్యతో కలిసి ఆవిడ చార్టర్డ్ బస్సు ఎక్కాడు. ఆ బస్సు సెక్టార్ ఎనిమిది నుంచి సచివాలయం దాకా వెళ్తుంది. అందులో అందరికీ ఎవరి సీటు వాళ్ళకుంటుంది, ఎవరి శత్రువులు వాళ్ళకుంటారు. వెనక పేకాట, ముందు భజన, మధ్యలో స్వెట్టర్ల అల్లిక. ఆయన మెట్టెక్కగానే అల్లిక ఆగింది.

"అచ్ఛా, ఈయనేనా?" అంది ఊలు ఉండ ఒళ్ళో పెట్టుకున్న గులాటీ అనే ఆవిడ. "ఛాయా దీదీ, స్నోర్జరీ సాబ్ ఈయనేనా?"

ఛాయాదేవి కిటికీలోంచి మోతీబాగ్ వైపు శ్రద్ధగా చూస్తోంది.

"నమస్తే భాయీ సాబ్. మా ఆయన కూడా మీ పార్టీయే. నిన్న గ్యాస్ బుక్ చేశారా అని అడిగానో లేదో, స్నోర్జ్ చేసేశాడు."

గోవిందరాజులు రాడ్ పట్టుకుని నిలబడిపోయాడు. స్నోర్జ్. ఆయన పుస్తకంలో ఆ క్రియ లేదు. త్రిశిఖర్ వాళ్ళ పుస్తకంలోనూ లేదు. ఎవరూ అచ్చువెయ్యని మాట ఈవిడ నోట్లోంచి, ఊలు ముడులు లెక్కపెట్టుకుంటున్నంత సహజంగా వచ్చింది. వెనక పేకాటలోంచి ఎవరో "ఓయ్ స్నోర్జర్, పత్తా ఫేంక్" అని ముక్క వెయ్యనివాడి మీద అరిచారు.

లేని మాటకి పిల్లలు పుట్టరు. దీనికి ఒకటి కాదు, రెండు పుట్టాయి.

పటేల్ చౌక్ దగ్గర దిగాక ఆయన ఫుట్‌పాత్ మీదే అడిగాడు.

"నీకెలా తెలుసు ఆ మాట?"

"రెండేళ్ళ కిందట ఒక ఫైలు మీద నోటింగు రాస్తూ స్పెల్లింగు కోసం మీ పుస్తకం తెరిచాను. మొదటిసారి." ఛాయాదేవి హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగి మళ్ళీ వేసింది. "మీరు నాతో మాట్లాడకుండా దేశంలో ఉన్న విద్యార్థులందరికీ చెప్పుకున్నారు. నేను బస్సులో నలుగురికి చెప్పుకోకూడదా?"

"అది దొంగమాట. ఎవరూ వాడకూడని మాట."

"మరి అంత బాగా ఎందుకు రాశారు?"

ఆవిడ గడియారం చూసుకుంది.

"మా సెక్షన్లో హైమవతి వాళ్ళింట్లో కూడా అంటున్నారు. లక్ష్మీనగర్‌లో వాళ్ళ తమ్ముడు సివిల్స్‌కి చదువుతున్నాడుగా, వాళ్ళ కోచింగ్ సార్ ఆ మాట బట్టీ పట్టించాడట, పరీక్షలో వస్తుందని. మా బస్సులో రాధాకృష్ణమూర్తి గారు లేరూ, రిటైరై కూడా అలవాటుకొద్దీ బస్సెక్కుతారు, ఆయన పేపరుకి ఉత్తరం రాశారు. యువకుల్లో స్నోర్జరీ పెరిగిపోతోందని. అచ్చయింది కూడాను."

"నా ఉద్యోగం…"

"పేరు సంగతి అడిగారా?"

నిలబడి దొంగనిద్ర పోవడం ఆయనకి ఇంకా చేతకాదు. రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

*

శనివారం పొద్దున్న జడ్జి గారి గదిలో ఆయన భండారీ పక్కన కూర్చున్నాడు. ముందుగా భండారీకి బస్సు సంగతి చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాడు. మూడుసార్లూ టీ వచ్చింది. జడ్జి గారిది పెద్ద ముక్కు, చిన్న కళ్ళు. చెవుల్లోంచి వెంట్రుకలు బయటికొచ్చి వాదనలు వింటున్నట్టు ఉన్నాయి. ఎదురుగా త్రిశిఖర్ కంపెనీ తరఫున మెహ్రా అనే లాయరు. ఆయన కోటు కొత్తది. నవ్వు అంతకంటే కొత్తది.

"మా క్లయింటు ఆ మాట జనం నోట విన్నారు," అన్నాడు మెహ్రా. పేపరులో రాధాకృష్ణమూర్తి ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన లక్ష్మీనగర్ కోచింగ్ వాళ్ళ గైడు పెట్టాడు.

"అవన్నీ మా పుస్తకంలోంచి పాకినవే జీ," అన్నాడు భండారీ. "నాలుగైదు చోట్ల పాకినంత మాత్రాన మాట అయిపోదు. అలాంటి మాట లేదు. పుట్టించిన మనిషే ఇక్కడున్నాడు. చెప్పండి రాజు సాబ్."

జడ్జి గారు ఆయన వైపు తిరిగారు. "చెప్పండి. ఇంగ్లీషులో ఇటువంటి మాట ఉందా, లేదా?"

చాలా చిన్న ప్రశ్న. లేదు అంటే పేరు. మొదటి పేజీలో, నిపుణుల మండలి ఉండే చోట, నల్లటి అక్షరాల్లో. ఆయనకి ఆ పేజీ కనిపించింది. దాని వెనకే గులాటీ గారి ఊలు ఉండ కనిపించింది. ఆయన జీవితంలో తయారుచేసినవాటిలో ప్రాణంతో లేచి నడిచి, బస్సెక్కి, పేకాడి, పేపరుకెక్కిన వస్తువు ఇదొక్కటే. పిల్లలు లేని ఇంట్లో ఆ ఆలోచన ఎటు పోతుందో ఆయనకి తెలుసు కాబట్టి అక్కడే ఆపేశాడు. ఉంది అంటే భండారీ మునుగుతాడు. లేదు అంటే అది అబద్ధం. ఆ అబద్ధం కింద సంతకంలాగా తన పేరు.

రెండూ అనకుండా ఉండే దారి ఆయనకి ఒకటే తెలుసు.

కళ్ళు మూసుకున్నాయి. తల ఒక పక్కకి ఒరిగింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఊపిరి చివర చిన్న ఈల.

దొంగనిద్రలో ఉన్నవాడికి వినిపించినంత స్పష్టంగా మెలకువలో ఉన్నవాడికి వినిపించదు. ఫ్యాను కిర్రు, మెహ్రా కొత్త కోటు చప్పుడు, జడ్జి గారి టీ గుటక, అన్నీ ఆయనకి తెలుస్తున్నాయి.

"రాజు సాబ్," అన్నాడు భండారీ. ఆయన్ని మోచేత్తో పొడిచాడు. "రాజు సాబ్." ఇంకోసారి పొడిచాడు. ఇక ఆ మనిషికి ఓపిక చచ్చిపోయింది. "అరే భాయీ, స్నోర్జ్ మత్ కరో, జడ్జి సాబ్ అడుగుతున్నారు."

పుస్తకం పేజీలు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మొదట ఒక పుస్తకం, తర్వాత రెండోది.

"భండారీ గారూ," అన్నారు జడ్జి గారు. "మీ పుస్తకంలో స్నోర్జరీ ఉంది. వాళ్ళ పుస్తకంలోనూ ఉంది. ఇప్పుడు మీరన్న ఆ క్రియ మాత్రం రెండింట్లోనూ కనపడటం లేదు. అది మీరెక్కడ నేర్చుకున్నారు?"

గోవిందరాజులు ఒక కన్ను తెరిచాడు. భండారీ ముఖం చెంపదెబ్బ తిన్న పిల్లవాడిలా ఉంది.

"ఇంట్లో జీ," అన్నాడు నెమ్మదిగా. "మా కోడలు అంటూ ఉంటుంది. నన్నే."

మెహ్రా తన నవ్వుని రుమాల్లో దాచుకున్నాడు. జడ్జి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. జనం నోట్లో పడ్డ మాట మీద ఎవరికీ హక్కు లేదని, ఇంక చూడవలసింది ఏమీ కనిపించడం లేదని, టీ చల్లారిపోతోందని చెప్పారు. లేస్తూ లేస్తూ గోవిందరాజులు వైపు వంగి, "నేను ఈ పని బెంచి మీద ఇరవై ఏళ్ళు చేశాను. పేరు తెలియక ఇబ్బందిపడ్డాను," అన్నారు.

*

భండారీ మెట్లు గబగబా దిగాడు. కింద తన మారుతి కారు తలుపు తాళం తీయడానికి తంటాలు పడుతున్నాడు. గోవిందరాజులు ఆయన వెనకే నిలబడ్డాడు. వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోవడమే మంచిది. కాళ్ళు కదల్లేదు.

"సార్. వచ్చే ఎడిషన్‌లో నా పేరు వెయ్యండి."

భండారీ తాళంచెవి వదిలేసి తిరిగాడు. ఆయన ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. దివాన్ లేచి నిలబడి మాట్లాడితే ఎలా చూస్తామో అలా చూశాడు.

"ఇప్పుడా? ఇవాళా?"

"ఇన్నాళ్ళూ అడగలేదు కాబట్టి ఇవాళ."

"కేసు ముంచారు. నా పరువు నా నోటితోనే తీయించారు. ఇప్పుడు పేరు కావాలా?"

"అవునండీ."

"కుదరదు," అన్నాడు భండారీ. తలుపు తెరుచుకుంది. కూర్చుని, ఇంజను స్టార్ట్ చేసి, కిటికీ అద్దం దించాడు. "సోమవారం రండి. ఆ స్నోర్జ్ కూడా ఎక్కించండి. త్రిశిఖర్ వాళ్ళకంటే ముందు మనమే వెయ్యాలి."

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. కేంద్ర ప్రభుత్వానికి శనివారం సెలవు. ఛాయాదేవి బాల్కనీలో ఆరేసిన బట్టలు మడతపెడుతోంది. ఆయన చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగి, దివాన్ మీద వాలాడు. పేపరు అందుకుని గుండెల మీద పెట్టుకున్నాడు. ఇదంతా చేతులకి అలవాటు.

ఆవిడ లోపలికొచ్చి మడతపెట్టిన దుప్పటి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"పేరు సంగతి…"

"అడిగాను," అన్నాడు గోవిందరాజులు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆవిడ భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"ఏమన్నాడు?"

"కుదరదన్నాడు."

"నేరుగా అడిగారా? లేక వాళ్ళ గుమాస్తాతో చెప్పించారా?"

"నేరుగానే. కారు దగ్గర."

ఆవిడ తువ్వాలు మడతపెట్టడం పూర్తిచేసింది. అంచులు సరిగ్గా కలిశాయో లేదో చూసింది. తర్వాత ఆయన పాదాల వైపు చూసింది. రెండూ చెరో పక్కకి వాలిపోయి ఉన్నాయి.

"సరే. అయితే ఇంక పడుకోండి. నిజంగానే."

ఆయన పేపరు మొహం మీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ నిద్ర పట్టలేదు. వంటింట్లో ఆవిడ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. కొత్త మాటేదో వాడి నవ్వుతోంది. గోవిందరాజులు పేపరు కింద నుంచి చెవి బయటపెట్టాడు.